దబ్బనమంత గాలి

పొదలకూరులో రెండు బస్తాలు వేసుకుని బయల్దేరితే
తెల్లారగట్ట నాలుగింటి చీకట్లో నా ఎక్సెల్ మంచిదే.
అది మాట తప్పేది ఎనిమిదో రాయి దగ్గర.

ఉన్నట్టుండి కాదు.
ముందు గొంతు సన్నబడతాది.
ఎక్సలేటరు తిప్పితే
తిప్పినదంతా నా చేతిలోనే మిగిలిపోతాది.
నలభై ముప్ఫై అయి, ముప్ఫై నడకై,
సైదాపురం రోడ్డు వారన
తంగేడు పొద కాడ ఆగిపోతాది.
ఒక బీడీ కాలిందాకా ఊరుకుంటే
ఏం ఎరగనట్టు లేస్తాది.
మైకా గనికి పోయే కూలోళ్ల ఆటో దాటిపోతా
"ఏం చెంగన్నా, మళ్లీ బీడీకి ఆగిందా నీ బండి?"
నవ్వుతారు. నేనూ నవ్వుతా.
గూడూరు యార్డుకి చేరేసరికి
మొదటి పాట అయిపోయుంటాది.

ప్లగ్గన్నాడొకడు. మార్చినా.
వేడెక్కితే కాయిలు చస్తాదన్నాడు ఇంకొకడు. మార్చినా.
చెన్నూరు రోడ్డు కుర్రాడు సైలెన్సరు పీకి
నిప్పుల్లో కాల్చి మసి దులిపాడు;
అరుపు వీధంతా పెరిగింది, బలం పెరగలా.
కార్బొరేటరు విప్పితే గిన్నె అడుగున
తళుక్కుమంది కాకిబంగారం.
"గనుల దుమ్మన్నా! దొరికాడు దొంగ."
నాకూ సంతోషమేసింది.
మెరిసేదాన్ని నమ్మడం తేలిక.
తొమ్మిదొందలు.
ఎనిమిదో రాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలా.

చివరికి రైలుగేటు కాడ సిలార్ భాయ్.
స్పానరు ముట్టుకోలా. టీ ఊదుకుంటా అడిగాడు:
ట్యాంకు నిండుగా ఉంటే తొందరగా ఆగుతాదా, సగమున్నప్పుడా?
నిండుగా ఉన్నప్పుడే.
ఆగబోయేటప్పుడు చోకు లాగితే?
నాలుగు బారలు పోతాది.
ఎప్పట్నుంచి?

వెతుక్కుంటే అప్పుడు తగిలింది—
కాయ పెట్రోలు కంపు కొడతా ఉందని
మాలకొండారెడ్డి బస్తాకి యాభై కోసిన వారం నుంచి.
ఆ రాత్రి సైకిల్ ట్యూబు ముక్క
గుండ్రంగా కత్తిరించి మూత కింద బిగించా.
చుక్క బయటికి రాకుండా.
అంత బాగా చేసిన పని
నా చేతుల్లో ఇంకోటి లేదు.

బస్తాలకి బదులు ఆయన్ని ఎక్కించుకుని పోయినా.
ఎనిమిదో రాయి. గొంతు సన్నబడింది.
దిగి, మూత అర చుట్టు తిప్పాడంతే—
స్స్స్...
దిగుడుబావి అడుగునుంచి రాయి తెచ్చిన పిల్లోడు
పైకొచ్చి పీల్చినట్టు.
ఒక్క కిక్కు. లేచింది.
బీడీ జేబులోనే ఉంది.

"నూనె డబ్బాకి రెండో బెజ్జం ఎందుకు పొడుస్తారు చెంగయ్యా?"
నేను మాట్లాడలా.
"సూదుందా?"
ఉంది.
ఇరవై ఏళ్లుగా నా మొలలోనే ఉంది
గోతాలు కుట్టే దబ్బనం.
లైటరు మంటకి కొన కాల్చి
రబ్బరు నడిమధ్య గుచ్చాడు.
కాలిన వాసన కాసేపు
పక్క తోటలోని నిమ్మపూతని మింగేసింది.
ఎంతన్నా అంటే
టీ డబ్బులు నువ్వే కట్టావు గదా అన్నాడు.

ఇప్పుడు మొదటి పాటకే చేరతన్నా.
గుంతలో పడినప్పుడల్లా ఆ బెజ్జంలోంచి
చుక్కో అరచుక్కో
ముందు బస్తా మీద చిలుకుతానే ఉంది.
మాలకొండారెడ్డి కాయ ముక్కు కాడ పెట్టుకుని
యాభై కోస్తానే ఉన్నాడు.
కొయ్యనీ.

ఎనిమిదో రాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం
బండి బాగానే పోతా ఉంటాది,
నా ఊపిరే ఆగుతాది.
తంగేడు పొద దాటినాక గాని
వదల్ను.